ఒక వారం న్యూ సెటిల్‌మెంట్, ఒక వారం మలంచా

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మా లైను చివర వెదురుబొంగులు కట్టేసిన రోజు పాప నా దగ్గర లేదు. మలంచా పేటలో వాళ్ళ నాన్న ఇంట్లో ఉంది. ఆ సాయంత్రమే వెళ్ళి తెచ్చుకోవాలి. మధ్యాహ్నం మా వరసలో ఏదో క్వార్టర్‌లో ఒకరికి కరోనా పాజిటివ్ వచ్చిందని తెలిసింది. మనుషులు వచ్చి దారికి రెండు వైపులా బొంగులు అడ్డంగా పెట్టి, తాళ్ళు బిగించి వెళ్ళిపోయారు. ఫోన్ చేసి చెప్పాను. అటునుంచి అతను, "సరే, అయితే పాప ఇక్కడే ఉంటుంది" అన్నాడు. అంత తేలిగ్గా ఎలా అనగలిగాడో అని ఆ సాయంత్రమంతా వంటింట్లో గిన్నెలు గట్టిగా కడిగాను.

అప్పటికి మేం విడిపోయి ఏడాది దాటింది. ఇద్దరం ఒప్పుకునే విడాకులకు కోర్టుకెళ్ళాం. కొట్టడాలు, తాగడాలు ఏమీ లేవు. ఒకే ఇంట్లో ఉంటే ఇద్దరికీ ఊపిరాడేది కాదు, అంతే. అతనిది దక్షిణ కోస్తా నుంచి వచ్చి ఖరగ్‌పూర్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం పెట్టుకున్న కుటుంబం. మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో కుదురుకున్న ఇల్లు. తాత, నాన్న వర్క్‌షాపులో పనిచేశారు. నేను అక్కడే ఆఫీసులో గుమాస్తాని. అమ్మ పోయాక, నా పేరున వచ్చిన క్వార్టర్‌లో నేనూ, రిటైరైన నాన్నా ఉంటున్నాం. పాప అప్పుడు రెండో తరగతి. ఒక వారం నా దగ్గర, ఒక వారం వాళ్ళ నాన్న దగ్గర అని లాయరు ఎదుట కూర్చుని మాట్లాడుకున్నాం. లాక్‌డౌన్‌తో ఊరంతటికీ తాళం పడితే ఏం చేయాలో మాకూ తోచలేదు, లాయరుకూ తోచలేదు.

బొంగులు విప్పడానికి చాలా రోజులు పట్టింది. విప్పాక కూడా అతను, "మీ వైపు ఇంకా కేసులున్నాయి, ఇంకో వారం చూద్దాం" అన్నాడు.

"మీ దుకాణానికి ఊరూ వాడా వస్తాది. ఆ రోగం మా లైనుకే తెలుసేటి?" అన్నాను.

"దుకాణం మూసే ఉంది."

"వెనక తలుపు తీసే ఉంది కదా. నాకు తెలీదనుకున్నారేటి?"

ఫోన్ పెట్టేశాడు. నాన్న వరండాలో కూర్చుని అంతా విన్నాడు. "అలగ అరిస్తే గుంట వచ్చీస్తాదేటమ్మా? నెమ్మదిగా అడుగు. బేగి తెచ్చీసుకో, అంతే" అన్నాడు. నెమ్మదిగా అడగడం నా వల్ల కాలేదు. అతనితో మాట్లాడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలిసేది కాదు. పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. 'ఏమండీ' అనడానికి నోరు రాదు. అందుకని సంబోధన లేకుండా, తలుపు తట్టకుండా లోపలికి దూరినట్టు, నేరుగా విషయంలోకి దిగేదాన్ని. అది అతనికి పొగరుగా వినిపించేదట.

చివరికి పాప వచ్చింది. రాగానే నాన్న గుమ్మం దగ్గరే ఆపి, వేడినీళ్ళు పెట్టి, స్నానం చేయించి, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. బట్టలు బకెట్లో నానబెట్టాడు. వారం తరువాత మలంచాలో దింపితే అక్కడ వాళ్ళ నాన్నమ్మ అదే పని చేసింది, డెటాల్‌తో. ఇలా కొన్ని వారాలు నడిచాక పాప తువ్వాలు చుట్టుకుని వణుకుతూ అడిగింది.

"అమ్మా, ఎక్కడికెళ్ళినా నన్నే కడుగుతున్నారేటి? మీకేమీ అంటుకోలేదా?"

నాన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజుల్లో మా బెంగాల్లో వారానికి ఒకటో రెండో రోజులు పూర్తిగా బంద్ పెట్టేవారు. ఏ రోజో ముందుగా ఒకటి చెప్పి, మళ్ళీ మార్చేవారు. అలాంటి ఒక బంద్‌కు ముందు రోజు, పాప ముందుగదిలో నా ఫోన్లో ఆన్‌లైన్ క్లాసులో ఉండగా, అతను స్కూటర్ మీద వచ్చి గేటు దగ్గర ఆగాడు.

"నా వారం రేపటి నుంచి. రేపు రోడ్లు మూస్తారు. ఇవాళే తీసుకెళ్తాను."

"మూస్తే ఎల్లుండి తీసుకెళ్ళండి. క్లాసు సగంలో ఉంది."

"ఎల్లుండి అంటే నాకు ఒక రోజు పోతుంది."

"బొంగులు కట్టినప్పుడు నాకెన్ని రోజులు పోయినాయి? అప్పుడు గుర్తు రాలేదేటి?"

"నా మీద అరవకు. ఈ ఇంట్లో పాప పడుకోవడానికి సరైన మంచమైనా ఉందా?"

"మీ అమ్మగారి దగ్గర మాటలు పడుతూ పరుపు మీద పడుకోడం కన్నా, మా నాన్న పక్కన సాప మీద పడుకోడమే దానికి హాయి."

ఇంకా ఏవేవో అనుకున్నాం. కొన్ని ఇక్కడ రాయదగినవి కావు. అప్పుడు పాప గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, నా మైకు ఆన్‌లో ఉంది" అంది. "టీచర్ ప్రశ్న అడిగింది, జవాబు చెప్పి ఆపడం మర్చిపోయాను. అందరూ విన్నారు."

లోపల ఫోన్లోంచి బెంగాలీ టీచర్ గొంతు, "ప్లీజ్ మ్యూట్ కీజియే, ప్లీజ్" అంటోంది. మేం తిట్టుకున్నది తెలుగులో కాబట్టి టీచర్‌కు అర్థం కాకపోయి ఉండొచ్చు. కానీ ఆ క్లాసులో తెలుగు పిల్లలు చాలామంది. ఒక్కొక్కరి వెనకా ఒక తల్లి కూర్చుని ఉంటుంది. మర్నాడంతా బంద్ కాబట్టి సరిపోయింది. ఆ తరువాతి రోజు కిరాణా కొట్టు దగ్గర మాస్కుల పైనుంచి అందరి కళ్ళూ నన్ను పలకరించాయి. ఆ పూట అతను క్లాసు అయ్యేదాకా మెట్టు మీద కూర్చుని, పాపని తీసుకునే వెళ్ళాడు. నేను ఆపలేదు. ఆపే మొహం లేకపోయింది.

దుర్గాపూజలు అయ్యాక కోర్టు కదిలింది. మేదినీపూర్ వెళ్ళాలి. లోకల్ రైళ్ళు లేవు, బస్సులు ఎప్పుడొస్తాయో తెలియదు. లాయరేమో ఇద్దరూ టైముకి ఉండాలన్నాడు. పొద్దున్నే అతను స్కూటర్ వేసుకుని వచ్చి, "ఎక్కు, ఆలస్యమైతే మళ్ళీ వాయిదా పడుతుంది" అన్నాడు. విడాకులకు భర్త స్కూటర్ వెనక కూర్చుని వెళ్ళాను. కాసాయి నది వంతెన దగ్గర పోలీసు ఆపి బెంగాలీలో ఎక్కడికని అడిగాడు. కోర్టుకన్నాం. "స్వామీ-స్త్రీ?" అన్నాడు. భార్యాభర్తలేనా అని. ఇద్దరం ఒకేసారి తలూపాం. తిరిగొచ్చేటప్పుడు అదే వంతెన మీద ఎవరూ ఆపలేదు. ఇంటి దగ్గర దించి, "పాప స్వెటర్ మా ఇంట్లో ఉండిపోయింది, పంపిస్తాను" అని వెళ్ళిపోయాడు. పెళ్ళి అలా అయిపోయింది. ఏడవాలో హాయిగా ఊపిరి పీల్చుకోవాలో తేలక, వెళ్ళి బియ్యం కడిగాను.

మరుసటి ఎండాకాలం రెండోసారి జబ్బు విరుచుకుపడింది. అది అతని వారం. ఫోన్లో గొంతు బొంగురుగా ఉంది. "నాకు పాజిటివ్. అమ్మకీ పాపకీ లేదు. నేను గదిలో ఉన్నాను. ఏం చేయాలో చెప్పు" అన్నాడు. ఏం చేయాలో అతను నన్ను అడగడం అదే మొదలు.

పాపని మా ఇంటికి తెచ్చుకుందామంటే నాన్నకి సుగరు, ఆయాసం. డాక్టరు పాపని కొన్నాళ్ళు అక్కడే ఉంచమన్నాడు. వాళ్ళ నాన్నమ్మ మోకాళ్ళ నొప్పులతో లేవలేదు, పనిమనిషి మానేసింది. నేను తల పట్టుకుని కూర్చుంటే నాన్నే అన్నాడు.

"నువ్వు ఎల్లు. నాకు నాను వండుకుంటాను. గుంట దగ్గర నువ్వుండాల."

"విడాకులయ్యాక ఆ ఇంట్లోకి ఏ మొహం పెట్టుకుని ఎల్తాను నాన్నా?"

"మొహానికేటమ్మా, మాస్కుంటాది కదా" అన్నాడు. ఎకసెక్కమో కాదో తెలియలేదు.

టోటో, అదే బ్యాటరీ రిక్షా, నడిపే అతను మలంచా మెయిన్ రోడ్డు మీదే ఆపేసి, "దీదీ, ఉస్ గలీ మే నహీ జాయేంగే" అన్నాడు, ఆ గల్లీలోకి రానని. సంచి భుజానేసుకుని నడిచాను. పక్కింటి బెంగాలీ ఆవిడ మేడ మీంచి, "బౌమా! ఫిరే ఎసేఛో?" అని సంబరంగా అరిచింది. కోడలా, తిరిగొచ్చేశావా అని. రెండు మాస్కుల్లోంచి ఏం వివరిస్తాను? చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయాను. అత్తగారు, నా నోటి నుంచి 'ఏటి' వచ్చినప్పుడల్లా 'ఏంటి' అని దిద్దే మనిషి, ఆ రోజు ఏమీ దిద్దలేదు. "డబ్బాలన్నీ నువ్వు పెట్టిన చోటే ఉన్నాయి" అని మాత్రం అంది. ఆ మాటకి కోపమూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది.

మూసిన తలుపు ముందు స్టూలు మీద అన్నం పెట్టి, తలుపు తట్టి వచ్చేసేదాన్ని. మొదటి పూటే మెసేజ్ వచ్చింది, 'కూరలో ఉప్పు లేదు' అని. గరిటె విసిరేద్దామన్నంత మండింది. రుచి చూశాను, ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ తరువాత తెలిసింది, అతనికి రుచే పోయిందని. తెలిసినా నా మంట పూర్తిగా చల్లారలేదు.

ఒక మధ్యాహ్నం వేలికి పెట్టుకునే మీటరులో ఆక్సిజన్ అంకె పడిపోతోందని గదిలోంచి ఫోన్ చేశాడు. హాస్పిటల్లో మంచాలు లేవు. మా ఆఫీసులో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఒకాయన ఎక్కడో పట్టుకుని సిలిండర్ వ్యానులో పంపించాడు. వ్యాను గల్లీ మొదట్లోనే ఆగింది. దాన్ని దొర్లించుకుంటూ గది దాకా తెచ్చాను. కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి.

"తలుపు తియ్యండి."

"అక్కడ పెట్టి వెళ్ళు. నువ్వు లోపలికి రాకు. నీకొస్తే పాపకి ఎవరుంటారు?" దగ్గు మధ్య అన్నాడు.

"మీకేమన్నా అయితే మాత్రం దానికి ఎవరుంటారు? తియ్యండి ముందు."

తీశాడు. గడ్డం పెరిగి, లుంగీ జారిపోతూ, గోడ పట్టుకుని ఉన్నాడు. రెగ్యులేటర్ బిగించడం తెలియక, వ్యాను అతను గల్లీలోంచి అరిచి చెబుతుంటే బిగించాను. ఆ తరువాత పాప దగ్గరికి వెళ్ళలేక వరండాలో విడిగా పడుకున్నాను. కిటికీ అవతల నుంచి పాప తన బొమ్మలు చూపించేది. అదృష్టం, నాకు రాలేదు. అతను నెమ్మదిగా కోలుకున్నాడు.

గదిలోంచి బయటికొచ్చిన రోజు ఒక మంచి మాట అంటాడేమోనని ఎదురుచూశాను. కాదని అబద్ధం చెప్పను. కుర్చీలో కూర్చుని, టీ తాగి, ఎంతో ఆలోచించినట్టుగా అన్నాడు.

"ఈ రోజులన్నీ పాపతో నువ్వే ఉన్నావు కదా. ఇవి నీ వంతు కింద పోయినట్టే. వచ్చే వారం పాప ఇక్కడే ఉంటే సరిపోతుంది."

నేను నోరు తెరిచి ఉంటే మలంచా మొత్తం వినేది. వాళ్ళమ్మే, "చాల్లే ఊరుకోరా, సిగ్గులేకపోతే సరి" అంది. పాప మాత్రం తన బట్టలు సంచిలో కుక్కుకుంటోంది. "వచ్చే వారం నేను తాత దగ్గరుంటాను. పాపం, తాత ఒక్కడే వండుకుంటున్నాడు" అంది. ఎవరి అనుమతీ అడగలేదు. అతను, "సరే, స్కూటర్ మీద దింపుతాను" అన్నాడు. దింపే ఓపిక అతనికి లేదు. టోటోలో వెళ్ళాం.

ఆ తరువాత వారాల లెక్క నిలవలేదు. పాప ఇప్పుడు పెద్దది, సైకిలేసుకుని తనే అటూ ఇటూ తిరుగుతుంది. విడాకుల తరువాత మేం మంచి స్నేహితులమైపోయామని మా ఆఫీసులో కొందరు అంటారు. అదేమీ లేదు. ఇప్పటికీ వారంలో రెండుసార్లైనా ఫోన్లో కసురుకుంటాం. మొన్న స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి ఎవరు వెళ్ళాలో తేలక ఇద్దరం వెళ్ళాం. లెక్కల్లో మార్కులు తగ్గాయని టీచర్ చెబితే, ఎవరి ఇంట్లో ఉన్నప్పుడు తగ్గాయో అన్నట్టు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బయటికొచ్చాక అతను ట్యూషన్ మాట ఎత్తాడు. నాకు ఆఫీసుకి టైమైపోతోంది. సాయంత్రం ఫోన్ చెయ్యమని చెప్పి టోటో ఎక్కాను.