డియర్‌బోర్న్‌లో ఒక అరబ్ సినిమా, సరళ ఆంటీ జవాబు

అరబ్ సినిమాల్లో ఆడవాళ్ల కథలంటే కన్నీళ్లేనని అనుకునేదాన్ని. మా ఆఫీసులో పనిచేసే లెబనాన్ అమ్మాయి రీమా ఒప్పుకోలేదు. "శనివారం డియర్‌బోర్న్‌లో మా సంఘం వాళ్లం ఒక మొరాకో సినిమా వేస్తున్నాం. చూశాక మాట్లాడు" అంది. మిషిగన్‌లోని ట్రాయ్‌లో మా పక్కవీధిలో ఉండే రిటైర్డ్ డాక్టర్ సరళ ఆంటీని తోడు రమ్మన్నాను.

పదకొండింటికి బయలుదేరి ఐ-75, ఐ-94 హైవేల మీదుగా, అరబ్బులు ఎక్కువగా ఉండే డియర్‌బోర్న్‌కి నలభై నిమిషాల్లో చేరాం. వారెన్ అవెన్యూలో ఒక బేకరీలో జాతర్ అనే ఆకుల పొడి చల్లిన వేడి రొట్టెలు తిన్నాం. సినిమాకి టైమవుతుందన్నాం. పొయ్యి దగ్గరున్నావిడ ఆంటీ చేతిలో ఇంకొకటి పెట్టి, "తినండమ్మా, సినిమా ఎక్కడికీ పోదు" అంది.

రెండింటికి ఒక చిన్న హాల్లో సినిమా మొదలైంది. ప్రవేశం ఉచితం. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తల్లి, భర్త నుంచి విడిపోయి కొత్త ఊరు వస్తుంది. కూతుర్ని బడి మార్చాలంటే తండ్రి సంతకం కావాలంటారు విద్యాశాఖ ఆఫీసులో. ఆమె అరవదు, ఏడవదు. రోజూ షిఫ్ట్ అయ్యాక చేపల వాసన పోయేలా నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, ఆ ఆఫీసుకు వెళ్లి బెంచీ మీద కూర్చుంటుంది. జాలి పుట్టించే సంగీతం ఎక్కడా లేదు. గుమాస్తా కూడా దుర్మార్గుడు కాడు. తలెత్తి చూడడు, అంతే. ఇంత నిబ్బరంగా కథ చెప్పిన ఆ దర్శకురాలికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

తరువాత చర్చలో ఒకాయన లేచి, "ఇన్ని కష్టాలు పడే బదులు వీళ్లు ఇక్కడికి వచ్చేయొచ్చుగా?" అన్నాడు. మైకు పట్టుకున్న రీమా ముఖం వాడిపోయింది. ఆంటీ లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపబోయాను. విడిపించుకుంది.

"నేను వచ్చాను కదా" అంది ఇంగ్లిష్‌లో, నెమ్మదిగా. "యాభై ఏళ్లు దాటింది. అప్పటికే డాక్టర్‌ని. ఈ మిషిగన్‌లోనే బ్యాంకులో క్రెడిట్ కార్డు అడిగితే, మీ ఆయన సంతకం తెమ్మన్నారు. ఆయనింకా చదువుకుంటున్నారు. జీతం నాది."

ఎవరో నవ్వారు. ఆంటీ నవ్వలేదు.

"నేను బెంచీ మీద కూర్చోలేదు. మాట్లాడకుండా సంతకం పెట్టించుకొచ్చాను. సినిమాలో ఈ అమ్మాయి నాకంటే గట్టిది."

ఆ ప్రశ్న అడిగినాయన "సారీ, డాక్టర్" అని కూర్చున్నాడు. రీమా వచ్చి ఆంటీని గట్టిగా కౌగిలించుకుంది.

తిరుగుదారిలో అడిగాను: "ఇన్నేళ్లూ ఎప్పుడూ చెప్పలేదేం ఆంటీ?"

"సిగ్గేసిందే. ఎవరికని చెప్పను? ఇవాళ సినిమాలో ఆ పిల్లని చూశాక చెప్పాలనిపించింది."

ఎక్కడో ఉన్న ఆడవాళ్ల కష్టం చూసొద్దామని వెళ్లాను. పదేళ్లుగా నాకు తెలిసిన మనిషిని ఆ రోజే మొదటిసారి చూశాననిపించింది. మంచి సినిమా ఎవరి మీదా జాలి పడమని అడగదు. దాచుకున్న మాట పైకి చెప్పే ధైర్యం ఇస్తుంది.

మీరూ ఇలాంటి సినిమాకి వెళ్తే, అయిపోగానే పార్కింగ్‌కి పరుగెత్తకండి. చర్చకు ఇంకో గంట ఉంచుకోండి.