తప్పు నాదే అన్నది ఆమె

కారు తాళంచెవి ఎంత బరువుంటుంది? అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. అలాంటి ఒక తాళంచెవి బరువును నేను కొన్నేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది చిల్కానగర్‌లో ఇరుకు సందు. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ లోపలికి రావాలంటే గోడవారగా నిలిపిన కార్లన్నీ జరపాలి. అందుకని పనికి వెళ్లేవాళ్లు తమ తాళాలు మా వరండాలో మేకులకు తగిలించి వెళ్లేవారు. ఒక్కో మేకు కింద ఇంటి నంబరు నేనే రాసి పెట్టాను. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో యంత్రాల విడిభాగాల కొలతలు సరిచూసే పనిలో నా ఉద్యోగమంతా గడిచింది. నా చేతి మీదుగా పోయిన ముక్కలో వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. సందులో అందరికీ నా మీద అదే నమ్మకం.

మా పైవాటాలో సునీత అద్దెకుంటుంది. జనగామ వైపు అమ్మాయి. మాదీ ఆ వైపే కాబట్టి నన్ను పెద్దనాన్న వరసలో పెద్దబాపూ అంటుంది. నాచారంలో మందుల కంపెనీ ల్యాబులో పని. కంపెనీ బస్సులో వెళ్లేది, కారు సందులో ఉండేది. తన జీతంతో కొనుక్కున్న చిన్న కారు. కొన్నప్పటి నుంచి ఒక్క క్లెయిమ్ కూడా పెట్టలేదని ఆమెకు గర్వం. క్లెయిమ్ లేకుండా గడిచిన ప్రతి ఏడాదికీ ఇన్సూరెన్స్‌లో బోనస్ అనే రాయితీ పెరుగుతుందనీ, ఒక్క క్లెయిమ్‌తో అది మొదటికి వస్తుందనీ ఆమెకు వివరించింది నేనే. ఆ రాయితీని ఆమె డబ్బుగా చూడలేదు. తాను బాగా నడుపుతానని ఏటా ఎవరో రాసిస్తున్న మాటలా చూసుకునేది.

ఆ రోజు ట్యాంకర్ వాడు హారన్ మోగిస్తున్నాడు. సునీత కారు వెనక్కి తీశాను. అద్దంలో చూశానా? చూశాననే అనుకున్నాను. కారు వెనక భాగం కరెంటు స్తంభానికి గుద్దుకుంది. బంపరు చీలింది, లైటు పగిలింది, డిక్కీ తలుపు లోపలికి పోయింది. ట్యాంకర్ ఇంజను మోతలో ఎవరికీ వినపడలేదు.

తర్వాత చేసింది కంగారులో చేసింది కాదు. అదే నన్ను తొలుస్తుంది. పగిలిన ముక్కలు ఒక్కటీ వదలకుండా ఏరి చెత్తబుట్టలో వేశాను. కారును ఎప్పటిలాగే వెనక భాగం సందు చివరి గోడవైపు ఉండేలా నిలిపాను. తాళం దాని మేకుకే తగిలించాను. నేను రోజూ డైరీ రాసేవాణ్ణి. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉందని రాసి మూసేశాను.

సాయంత్రం సునీత వచ్చి నా ముందు నిలబడింది.

"పెద్దబాపూ, పొద్దుగాల బండి జరిపినప్పుడు ఎన్కకు గిట్లనే ఉండెనా?"

"నేను సూడలే బిడ్డా. నువ్వే యాడ్నో తగిలిచ్చుకున్నవ్ గావొచ్చు."

ఆమె వెనక్కి తిరిగి కారు వైపు చూసింది. "నిన్న రాత్రి ఉప్పల్ల షాపు ముంగట రివర్స్ తీస్తుంటె ఏదో టక్కుమన్నది. దిగి సూడలే. గప్పుడే అయ్యుంటది. ఇగ ఏంజేద్దాం?"

"ఇన్సూరెన్స్ ఉన్నది గదా. క్లెయిమ్ పెట్టు."

"అయ్యో, చిన్న దెబ్బకు క్లెయిమ్ పెట్టొద్దని మీరే జెప్పిన్రు గదా!"

"గిది చిన్నది గాదు," అన్నాను.

నిజానికి చిన్నదే. చేతి డబ్బు పెట్టుకుని బాగు చేయిస్తేనే ఆమెకు లాభమని నాకు తెలుసు. మరి ఎందుకలా చెప్పాను? ఆమె జీతంలోంచి పోతే నేను తీసుకున్నట్టు ఉంటుంది, కంపెనీ ఇస్తే ఎవరికీ నష్టం లేనట్టు ఉంటుంది. ఆ సొట్ట తొందరగా నా కళ్ల ముందు నుంచి పోవాలి. నా సొంత సలహాను నేనే తిరగేశాను.

నా ఎదుటే ఆమె ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసింది. నడిపింది ఎవరని అడిగినట్టున్నారు.

"నేనే నడిపిన సార్. తప్పు నాదే."

ఎంత తేలిగ్గా అన్నది! సాకు వెతకలేదు. చేసిన నేను నోరు విప్పి చెప్పలేకపోయిన మాటను, చెయ్యని ఆమె ఒక్క ఊపిరిలో చెప్పింది. మనిషిలో అలాంటి తిన్నదనం ఉంటుందని అంతవరకు నాకు తెలియదు.

రెన్యువల్ నాటికి రాయితీ పోయింది. "మళ్ల మొదటికెళ్లి పెద్దబాపూ," అని నవ్వింది. కానీ కారు తీయడం తగ్గించింది. తీసినా వెనక్కి తిప్పాల్సిన చోటికి వెళ్లేది కాదు. పాడయింది బంపరొక్కటే కాదని అప్పుడు అర్థమైంది. అప్పుడైనా చెప్పానా?

ఒక ఆదివారం నన్ను పిలిచింది. రామంతాపూర్ వైపు ఖాళీ స్థలంలో పెయింటు డబ్బాలు నిలబెట్టి, వాటి మధ్యకు కారు వెనక్కి తీయడం మొదలుపెట్టింది. డబ్బా పడితే దిగి నిలబెట్టి మళ్లీ తీసేది. ఆ ఆదివారమే కాదు, చాలా ఆదివారాలు. నేను వెనక నిలబడి "రానీ, రానీ" అంటూ చెయ్యి ఊపేవాణ్ణి. తాను చెయ్యని తప్పును ఒక మనిషి చెమటలు కక్కుతూ దిద్దుకుంటుంటే, చేసినవాడు దారి చూపిస్తున్నాడు. కొలతలు చూసిన నా కళ్లముందే డబ్బాల మధ్య సందు వారం వారం తగ్గుతూ వచ్చింది. ఆఖరికి రెండు వైపులా బెత్తెడు వదిలి కారు గీత గీసినట్టు లోపలికొచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు కూడా అబద్ధమేనా? కాదేమో. ఆశ్చర్యం మాత్రం నిజం.

ఇప్పుడు నాకు చూపు సరిగా ఆనదు. ట్యాంకర్ వస్తే, ఇంట్లో ఉన్నప్పుడు సునీతే సందులో కార్లన్నీ జరుపుతుంది. మొన్న ఆదివారం ఎదురింటికి కొత్తగా వచ్చిన అమ్మాయి రివర్స్ తీస్తూ భయపడుతుంటే ధైర్యం చెప్పింది.

"జర నిమ్మలంగ రానీ. నేను గూడ ఒకపాలి కొట్టిన, ఉన్న బోనస్ మొత్తం పోగొట్టుకున్న. గట్లనే నేర్చుకున్న. కావాల్నంటే పెద్దబాపును అడుగు."

ఇద్దరూ నావైపు చూశారు. నేను అవునన్నట్టు తలూపాను.

ఆ తలూపడమే నన్ను ఈ కాగితం ముందు కూర్చోబెట్టింది. నిజం చెబితే ఆమె కష్టపడి కట్టుకున్నది కూలిపోతుందని ఇన్నాళ్లు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆమెలోది కూలదు. కూలేది నా మేకుల కింద నంబర్ల మీద జనానికున్న నమ్మకం. నేను కాపాడుకున్నది దాన్నే.

ఆమె క్షమిస్తుందో లేదో తెలియదు. అడిగే ధైర్యం ఇంకా రాలేదు. ఆమె ఒక్క ఊపిరిలో అన్న మాటను నేను ఇన్నేళ్లకు అంటున్నాను, అదీ ఆమె వినని చోట. అయినా చెయ్యి కాస్త తేలికైంది.

ఉప్పల్లో ఆ రాత్రి టక్కుమన్నది ఏమిటో నాకు తెలియదు. మా సందులో స్తంభానికి కారు కొట్టింది నేను. తప్పు నాదే.