వాచీ పెట్టుకోని సాయంత్రం

నాటకానికి బయలుదేరేటప్పుడు కళ్ళజోడైనా మరిచిపోయేవాణ్ణి గానీ వాచీ మరిచిపోయేవాణ్ణి కాదు. పోర్టులో గుమాస్తాగా చేరిన కొత్తలో కొనుక్కున్న పాత వాచీ అది. సెకన్ల ముల్లు మాత్రం ఇప్పటికీ పొల్లుపోకుండా తిరుగుతుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు, రిటైరయ్యాక రోజంతా, పేపర్లో జిల్లా పేజీకి నాటక సమీక్షలు రాయడమే నా వ్యాపకం. "ఆయన రాసింది చదివేది ఇద్దరే, ఆయనా, అచ్చుతప్పులు దిద్దే ఆయనానండి" అని మా ఆవిడ చుట్టాల ముందు వెక్కిరిస్తుంది. నేను పట్టించుకోను. ఆవిడ కూడా దొంగతనంగా చదువుతుందని నాకు తెలుసు.

పద్యనాటకం చూడనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. పద్యం అయిపోయాక ఆఖరి అక్షరాన్ని పట్టుకుని రాగం తీస్తారు. అది పైపైకి పోవాలి, మధ్యలో తెగకూడదు. జనానికి నచ్చితే "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిచారంటే మళ్ళీ పాడి తీరాల్సిందే. యుద్ధం మధ్యలో ఉన్నా సరే, చచ్చిపడినవాడు లేచి పాడాల్సి వచ్చినా సరే. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చినప్పుడు నేను వెంట తెచ్చుకున్న పిచ్చి ఇదొక్కటే.

స్టీల్ ప్లాంటు ఉద్యోగులు కొందరు కలిసి నడుపుకునే నాటక సమాజం ఒకటుంది. వాళ్ళే రాసుకున్న నాటకంలో ఆమెను మొదటిసారి విన్నాను. రాణి వేషం. కొడుకు యుద్ధానికి వెళ్తుంటే సాగనంపుతూ ఒక పద్యం పాడుతుంది. కొడుకు వేషం కట్టేది ప్లాంటులో ఫోర్‌మన్, ఆమె కంటే పదేళ్ళు పెద్ద. మీసాలకి రంగేసుకుని ఆయన "అమ్మా" అంటే హాలంతా కిసుక్కుమనేది. ఆమె గొంతు విప్పగానే ఆ నవ్వులన్నీ ఆగిపోయేవి.

ఆమె పుట్టిల్లు యారాడ, పడవల మీద బతికే కుటుంబం. పెళ్ళయ్యాక గోపాలపట్నం వచ్చి, పొద్దున్నే మార్కెట్లో చేపలమ్ముతోంది. ఆమె కేక వేస్తే మా వీధి చివరి మేడ దాకా వినిపించేది. సమాజంలో హార్మోనియం వాయించే మాస్టారు ఒకరోజు వంజరం కొనడానికి వెళ్ళి, చేపలు మరిచిపోయి ఆ గొంతును తెచ్చుకున్నారని చెప్పుకుంటారు.

ఆ మొదటి రోజు రాగం ఎత్తుకోగానే అది ఎన్ని సెకన్లు నిలుస్తుందో లెక్కపెట్టే అలవాటుకొద్దీ నా చూపు వాచీ మీదికి పోయింది. నలభై ఒక్క సెకన్లు. నాకు ఒళ్ళు పులకరించింది. ఇంటికొచ్చి మహా ఉత్సాహంగా రాశాను: ఊపిరి ఎక్కడ తీసుకుందో పట్టుకోలేకపోయాననీ, పై షడ్జంలో ఆ గొంతు నిలబడ్డ తీరు మరో గాయనికి సాధ్యం కాదనీ, ఆ నలభై ఒక్క సెకన్లూ నేనూ ఊపిరి బిగబట్టాననీ. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తరువాతి ప్రదర్శన కరపత్రం మీద ఆ అంకె అచ్చయింది. ఆ మరుసటి ఏడు కుర్రాళ్ళు ఫోన్లలో స్టాప్‌వాచీలు పెట్టుకుని వచ్చారు. ఆమె రాగం అందుకోగానే హాల్లో ఫోన్ల తెరలు మిలమిలా వెలిగేవి. నేనూ ప్రతిసారీ రాశాను, నలభై మూడని, నలభై ఐదని. ఎనిమిదేళ్ళు రాశాను. ఆమెకి మంచి చేస్తున్నాననుకుని లోలోపల పొంగిపోయేవాణ్ణి కూడా.

మొన్న వేసవిలో ఒకరోజు మార్కెట్‌కి వెళ్తే కేక వినపడలేదు. రాలేదేమో అనుకున్నాను. ఎప్పటి చోటే కూర్చుని ఉంది, ముందు తట్టనిండా కానాగంత చేపలు. బేరమంతా వేళ్ళతో చేస్తోంది. నన్ను చూసి పక్కన స్టూలు చూపించింది. బేరాలు తగ్గాక దగ్గరికి జరిగింది.

"డాట్రుగారు మాటాడొద్దన్నారు బాబూ," అంది. ఆ గొంతు ఇసుక మీద తట్ట ఈడ్చినట్టుంది. "గొంతులో బొడిపెలు లేసాయంట. మీదకి లాగడం ఆపకపోతే ఉన్న గొంతు కూడా ఉండదంట."

"మరి నాటకం?"

"అదే కదా. మాస్టారు ఏటంతన్నారంటే, రాగం నేకపోతే జనం ఒప్పుకోరు, ఆనందపురంలో ఒకావిడుంది, ఆవిడికి ఇచ్చేత్తాను ఏసం అంతన్నారు. ఈ ఒక్కసారి నన్నే ఆడమన్నారు. జనం లెగిసిపోకుండా కూకుంటే ఉంతాను, నేకపోతే నేదు."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఆమె గొంతు ఎంత గొప్పదో మళ్ళీ రాస్తాను, మాస్టారితో కూడా మాట్లాడతాను అని గొణిగాను. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"మీరు శానా మంచిగా రాత్తారు బాబూ. మా ఆయన సదివి ఇనిపిత్తే నాకు ఏడుపొచ్చీది. ఒక్కటి అడుగుతాను, ఏటీ అనుకోకండి. ఆ రాగం తీత్తన్నప్పుడు నా సెయ్యి ఏటి సేత్తాదో సెప్పండి."

ఆలోచించాను. ఎనిమిదేళ్ళ ప్రదర్శనలు కళ్ళముందు తిప్పుకున్నాను. ఎర్రచీర గుర్తొచ్చింది, కిరీటం గుర్తొచ్చింది, ఆ తరువాత సెకన్ల ముల్లు గుర్తొచ్చింది. చెయ్యి మాత్రం గుర్తుకు రాలేదు. అరవై దాటిన మనిషిని, నాటకాలు తెలుసని ఊరంతా నమ్మిన మనిషిని, చేపల తట్ట ముందు తల దించుకుని కూర్చున్నాను.

ఆమె నవ్వింది. నన్ను ఎగతాళి చెయ్యడానికి కాదు. "ఈపాలి వాచీ ఇంటికాడ ఒగ్గేసి రండి," అంది. నేను వద్దంటున్నా నాలుగు చేపలు ఎక్కువ వేసింది.

ప్రదర్శన ఆదివారం సాయంత్రం. వాచీ తీసి టీవీ మీద పెడుతుంటే మా ఆవిడ వింతగా చూసింది.

"ఒంట్లో బాగానే ఉందాండీ?"

"బాగానే ఉంది. నువ్వూ రా ఇవాళ," అన్నాను.

పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో నాటకానికి రమ్మని నేను పిలిచింది అదే మొదటిసారి. ఏమనుకుందో, మారుమాట లేకుండా చీర మార్చుకుంది.

హాలు నిండిపోయింది. ముందు వరసలో మార్కెట్ ఆడవాళ్ళు పది మంది దాకా కూర్చున్నారు. సాగనంపే ఘట్టం వచ్చింది. ఫోర్‌మన్ "అమ్మా" అన్నాడు, హాలు కిసుక్కుమంది. ఫోన్లు పైకి లేచాయి. నా చెయ్యి కూడా అలవాటుకొద్దీ పైకి లేచి, ఉత్త మణికట్టు చూసి దిగిపోయింది. అప్పుడు తలెత్తి ఆమెను చూశాను.

పద్యం కింది స్వరంలోనే మొదలుపెట్టింది. పెద్దగా కూడా పాడలేదు. గుమ్మంలో నిలబడి బయలుదేరేవాడికి జాగ్రత్తలు చెబుతున్నట్టు పాడింది. పాడుతూనే కొడుకు భుజం మీది ఉత్తరీయం సర్దింది. తల మీద చెయ్యి పెట్టింది. ఆఖరి అక్షరం దగ్గరికొచ్చి, రాగం తియ్యకుండా అక్కడితో ఆపేసింది.

కొడుకు వెళ్ళిపోయాడు. చెయ్యి మాత్రం దిగలేదు. వాడి తల ఉన్న ఎత్తులోనే, వేళ్ళు కాస్త వంచి, ఇంకా ఆ తల నిమురుతున్నట్టే గాలిలో ఉండిపోయింది. ఆ వేళ్ళ మీద చేపల పొలుసుకి తెగిన గాట్లు మూడో వరసలో ఉన్న నాకు కనిపించాయి. ఆ పద్యం చివర కొడుకు వెళ్ళిపోతాడన్న సంగతి, ఎనిమిదేళ్ళుగా ఆ నాటకం చూస్తున్న నేను, ఆరోజే చూశాను.

"రాగం! రాగం!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఈల పడింది. వేదిక పక్కన హార్మోనియం ముందు కూర్చున్న మాస్టారి మొహం పాలిపోయింది. ఆమె కదల్లేదు. చెయ్యీ దిగలేదు. ముందు వరసలో మార్కెట్ ఆడవాళ్ళలో ఒకామె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ లేచి వెనక్కి తిరిగింది.

"నోరు ముయ్యండర్రా! బిడ్డ ఎల్లిపోతంటే రాగమేట్రా?"

హాలు ఒక్కసారిగా అణిగిపోయింది. ఒక్కొక్క ఫోనూ కిందికి దిగింది. ఆమె చెయ్యి మెల్లగా, ఎంతో మెల్లగా కిందికి జారింది. అప్పటికిగాని చప్పట్లు మొదలవలేదు. మొదలయ్యాక ఆగలేదు. "వన్స్ మోర్" అని మాత్రం ఎవరూ అనలేదు, వెళ్ళిపోయినవాణ్ణి వెనక్కి రప్పించడానికి ఎవరికీ మనసొప్పలేదేమో. పక్కకి చూస్తే మా ఆవిడ వెక్కి వెక్కి ఏడుస్తోంది. నా సంగతి చెప్పక్కర్లేదు.

సమీక్ష రాయడానికి మూడు రోజులు పట్టింది. షడ్జమూ ఊపిరీ అంటూ రాసినవన్నీ కొట్టేశాను. చివరికి ఆ చెయ్యి గురించి మాత్రమే రాశాను. దాన్ని ఇన్నేళ్ళూ చూడకపోవడం నా తప్పని కూడా రాశాను. పేపరువాళ్ళు సగం కోసేశారు, తప్పు ఒప్పుకున్న సగం మాత్రం మిగిల్చారు. ఆనందపురం ఆవిడను పిలవాల్సిన పని లేకపోయిందని మాస్టారే ఫోన్ చేసి చెప్పారు.

ఆ వారం మార్కెట్‌కి వెళ్తే ఆమె ఇంకా మౌనంలోనే ఉంది. నన్ను చూసి కనుబొమలు ఎగరేసి, తన మణికట్టు మీద వేలితో తట్టింది. ఎన్ని సెకన్లని అడుగుతోంది.

నేను ఉత్త మణికట్టు చూపించాను. తరువాత, చుట్టూ జనం ఉన్నా సరే, కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళు కాస్త వంచి, గాలిలో అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఆమె తట్ట వదిలేసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.