నల్లపొడిని హైడ్రోసుల ముంచిన చెయ్యి

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు మా ఇంటెనక బావి నీళ్లు పసుపుపచ్చగ మారినయి. నూలు జాడిస్తే తెల్లపోగు కూడ పచ్చబడేది. ఎగువన మందుల ఫ్యాక్టరీ ఉన్నది. నేను రంగు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుంట చదువు నేర్చినోణ్ని. అర్జీలు మాత్రం తప్పుల్లేకుండ రాస్త. ఎన్ని రాసినా పొల్యూషన్ ఆఫీసు నుంచి ఒకటే జవాబు: మీ అద్దకం రంగులే బావిలకు దిగినయని. ఆ ఏడాది మా ఇంట్ల పసుపు రంగు డబ్బా మూతే తీయలేదు!

అప్పుడు యూనివర్సిటీల పరిశోధన చేసే ఒక అమ్మాయి హైదరాబాద్ నుంచి పోచంపల్లి బస్సెక్కి వచ్చింది. సీసాల బావినీళ్లు పోసి, చిటికెడు తెల్లమందు, చిటికెడు నల్లపొడి వేసింది. బుడగలు లేచినయి. బీడీ ఒకటి అయిపోయేలోపు నీళ్లు తేటపడ్డయి.

"బొగ్గు మీద లోహం అద్దినం తాతా, మీరు నూలు మీద రంగు అద్దినట్టే. ఫ్యాక్టరీ విషం వేరే సరుకుగ మారింది. దాన్ని వేరుచేస్తే జ్వరం గోళీల తయారీకి పనికొస్తది."

"అయితే మా బావిల గోళీలు తేలుతయా బిడ్డా?" అన్నది నా భార్య.

"తేలవు అవ్వా! ఈ నీళ్లు మాత్రం తాగకుండ్రి."

బుధవారం పొల్యూషన్ ఆఫీసర్లు చూడనీకి వస్తరట. వాళ్లకు నచ్చితే మా బావికాడ తొట్టి కట్టి, నీళ్లు శుద్ధి చేస్తరట. వడగట్టిన పొడిని ఒక గుడ్డమూటల కట్టి, కొంచెం తెల్లమందుతోటి నా చేతికిచ్చింది. "మళ్లీ మళ్లీ వాడొచ్చు తాతా. మంచినీళ్లతోటి కడిగి ఆరబెట్టు, అంతే."

అంతేతోటి ఊరుకుంటనా? వాడకట్టంత పిలిచి చూపెట్టిన. ఆరోసారికి పొడి మందగించింది. నాకు ఫికరు పట్టుకున్నది. మా పనిల నీలం తొట్టి నీరసపడితే హైడ్రోసు అనే తెల్లపొడి వేసి లేపుతం. యాభై ఏండ్ల అలవాటు. గుడ్డమూటను హైడ్రోసు నీళ్లల్ల ముంచిన.

"గా మసిని గూడ నువ్వే అద్దాల్నా?" అన్నది నా భార్య. వినలే.

బుధవారం ఆఫీసర్లు ఇద్దరొచ్చిన్రు. అమ్మాయి గూడ వచ్చి, నా మూటల పొడి సీసాల వేసింది. సీసాల పచ్చదనం కదల్లేదు. అరగంట నిలబడ్డరు. ఒకాయన నవ్విండు: "ఏదమ్మా, నీ మాయ?"

అమ్మాయి గుడ్డ వాసన చూసింది. "తాతా, హైడ్రోసు తగిలిందా?"

"జర లేపుదామని..."

"దాంట్ల గంధకం ఉంటది. అది లోహానికి అంటుకుంటే ఇంక పనిచెయ్యదు." తిట్టలేదు. తిడితే బాగుండు.

"ఇంకో పొట్లం లేదా బిడ్డా?"

"మళ్లీ చెయ్యాలె తాతా. నెల పడ్తది."

తప్పు నాదేనని ఆఫీసర్లకు చెప్పిన. "నెలాగి రాండ్రి సార్" అన్న. ఎదురుగ చూసిందే రాస్తమన్నరు. పొడి పనిచేయలేదని కాగితం రాసి, సాక్షిగ నన్నే సంతకం పెట్టమన్నరు. బావిల విషం పోసినోణ్ని ఎవ్వరూ సంతకం అడగలే. నా పక్క చూసి అమ్మాయి తలొంచుకున్నది. రాసింది అబద్ధం కాదు. పెట్టిన.

నెలకు కొత్త పొడి తయారైంది, ఆఫీసర్లే మళ్లీ రాలేదు. ఇప్పటికీ అర్జీ పెడితే ఆ కాగితం నకలే జవాబుగ వస్తది. కింద నా సంతకం, ఒక్క తప్పు లేకుండ.