రిపోర్టులో రాసిన సున్నా

పోయినవి ముందు చెప్తాను. కుడి రొమ్ము. చంక కింద పద్నాలుగు గడ్డలు. జుట్టు, అది మళ్లీ వచ్చింది. రెండు మిర్చి పంటలు. వేసుకోవాల్సిన మాత్ర వేసుకోకుండా గడిచిన ఏడాదిన్నర. మొదటివన్నీ జబ్బు తీసుకుంది. ఆ ఏడాదిన్నరను మనుషులు తీసుకున్నారు.

మాది ఏన్కూరు దాటాక అడవి అంచున ఊరు. కల్లంలో మిర్చి తాలు కాయలు ఏరుతూ చెయ్యి చాచితే చంక దగ్గర ఏదో అడ్డం తగిలింది. నొప్పి లేదు గదా అని నెల ఆగాను. ఖమ్మంలో డాక్టరు చూసి, "జల్దీ బయాప్సీ చేద్దామమ్మా" అన్నాడు. క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేశారు.

తీసిన ముక్కను ఈఆర్ టెస్టుకని బయటి ల్యాబ్‌కు పంపారు. ముక్క మీద రసాయనం వేస్తే కణాలకు గోధుమరంగు పడితే హార్మోన్ మాత్ర పనిచేస్తుందట, పట్టకపోతే ఆ మాత్ర దండగట. రిపోర్టు వచ్చింది: ఈఆర్ నెగటివ్, సున్నా శాతం.

మా అడవి ఊళ్లలో మలేరియా స్లయిడ్ నెగటివ్ వస్తే పండగే. మా ఆయన అక్కడికక్కడే చాయ్ తెప్పించాడు. "ఇగ నీకేం లేదట," అన్నాడు.

నర్సు నవ్వాపుకుంది. "చాయ్ తాగు గానీ అన్నా, గిది ఆ నెగటివ్ కాదు. అక్కకు పనికొచ్చే మందు ఒకటి తగ్గింది."

ఆరు కీమోలు అయ్యాయి. నోరంతా పుళ్లు, మజ్జిగ కూడా మండేది. మాత్ర సంగతి అడిగితే డాక్టరు, "నీకు పనిచెయ్యదమ్మా, రిపోర్టు చూడు" అన్నాడు.

ఏడాదిన్నర తర్వాత మెడ కింద, ఎముక పైన, ఇంకో గడ్డ తేలింది. హైదరాబాద్ పోయాం. అక్కడి డాక్టరు మేడం కొత్తగా బయాప్సీ చేయించి స్లయిడ్ తనే చూసింది. "నూటికి ఎనభై కణాలకు రంగు పట్టింది. మాత్ర ఎందుకు వేసుకోలే?"

పాత రిపోర్టు, దాంతో ల్యాబ్ ఇచ్చిన సీడీ చేతికిచ్చాను. వాళ్లు స్లయిడ్‌కు ఫోటోలు తీసి పంపితే, ఎక్కడో ఉన్న డాక్టరు ఫోటోలే చూసి రాశాడట. మేడం వాటిని కంప్యూటర్‌లో తెరిచింది.

"ఈ మూల చూడండి, ఇది ఉత్త గాజు. అన్ని ఫోటోల్ల ఒక్కటే తెలుపు ఉండాలె. ఒకదాంట్ల పాల లెక్కుంది, ఇంకోదాంట్ల బూడిద లెక్కుంది. ఫోటో ఫోటోకు లైటు మారింది. మీరు మిర్చి శాంపిల్ ఒకటి ఎండల, ఒకటి గోదాంల చూసి రంగు చెప్తరా?"

"గట్ల చెప్తే కొనేటోడు తంతడు మేడం," అన్నాడు మా ఆయన.

రంగు పడుతుందని ముందే తెలిసిన వేరే ముక్కను కూడా అదే లైటులో, అదే సెట్టింగులో తీసి పోల్చాలట. ఆ ఫోటో సీడీలో లేనే లేదు.

"లేత రంగు వెలుతురుకు తేలిపోయిందా, అసలే లేదా, ఈ ఫోటోలతో నేను గూడ చెప్పలేను. బ్లాకు తెండి," అంది మేడం. మైనంలో పెట్టి దాచిన నా ముక్కనే బ్లాకు అంటారు.

ల్యాబ్‌కు పోయి బ్లాకూ స్లయిడ్లూ అడిగాం. కౌంటర్ దగ్గర మనిషి తల కూడా ఎత్తలేదు. "అవి దొరుకుతలేవమ్మా. రిపోర్టు ఉంది గదా. కంప్యూటర్ ఫోటో అబద్ధం చెప్తదా?"

"కెమెరాను ఒక్క తీరుగ పెట్టే ఓపిక మీకు లేకపాయె," అన్నాను. "నా ముక్కను దాచే ఓపిక గూడ లేకపాయె."

ఆ సున్నా కింద సంతకం ఉంది, ముద్ర ఉంది. ఎట్లా కొలిచారో మాత్రం ఎక్కడా లేదు. దాన్ని నమ్మి ఒక మనిషికి మందు ఇవ్వకుండా ఆపేశారు.

ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాను. మెడ కింది గడ్డ చేతికి తగలడం లేదు. చంక గడ్డలు తీశాక కుడి చెయ్యి వాస్తుంది కాబట్టి ఎడమ చేత్తో కాయలు ఏరుతున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. రిపోర్టుతో సరిపెట్టుకోకండి. బ్లాకూ స్లయిడ్లూ అడిగి తెచ్చుకుని ఎండ తగలని చోట దాచుకోండి.

కొత్త గడ్డలో రంగు ఉన్నంత మాత్రాన పాతదాంట్లోనూ ఉండి తీరాలని లేదు అంటుంది మేడం. ఒప్పుకుంటాను. అందుకే అడుగుతున్నాను. ఆ మొదటి ముక్కలో నూటికి ఎన్ని కణాలకు రంగు పట్టింది? ఆ ఒక్క అంకె ల్యాబ్ నాకు నేటికీ బాకీ.