డాక్టరమ్మ కంటి కింద పుట్టుమచ్చ

2022 మే నెల. తిరువూరు బస్టాండు దగ్గర, మందుల షాపు పైన మేడ మీద మా స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు మా ఆయన వంతు. కెమెరా భుజాన వేసుకుని ఊళ్ళు తిరుగుతారు. స్టూడియోలో కూర్చోబెట్టి తీసే ఫొటోలు నా వంతు. ఆడవాళ్ళు నా దగ్గరైతే మొహమాటం లేకుండా కూర్చుంటారని మా అత్తగారే నన్ను ఈ పనిలో పెట్టింది.

ఈమధ్య మా ఊళ్ళో కూడా హెడ్‌షాట్ అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అంటే భుజాల దాకా తీసే ఫొటో, ఉద్యోగానికో వ్యాపారానికో పెట్టుకునేది. పాస్‌పోర్టు ఫొటోలా గోడకు ఆనించి టక్కున నొక్కేది కాదు. దానికి మనిషి తయారై రావాలి. అందుకే ఫోనులోనే అందరికీ ఒక పాఠం చెబుతాను. వారం ముందు నుంచి కొత్త క్రీములు ముట్టుకోకండి. జుట్టుకు రంగు వేసుకునేదుంటే ముందురోజు దాకా ఆగకండి. కంటినిండా నిద్రపోండి. తళతళలాడే చీర కట్టుకోకండి. ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఎ.కొండూరు నుంచి ఒకాయన, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ తీయని మీసం ఫొటో కోసం తీయించుకుని వచ్చాడు. మేకప్ రూములో అద్దం చూసుకుని, ఫొటో వద్దని వెళ్ళిపోయాడు. ఇలాంటివి చూసీ చూసీ ఇక నన్ను ఎవరూ బెదరగొట్టలేరనుకున్నాను.

ఆ వేసవిలో శేషగిరి గారు ఫోన్ చేశారు. మెయిన్ రోడ్డు మీద వాళ్ళది పెద్ద కిరాణా హోల్‌సేల్ కొట్టు. తాతల నాటి నుంచి వ్యాపారమే తప్ప ఆ ఇంట్లో డాక్టరు చదువు చదివినవాళ్ళు లేరు. వాళ్ళ అన్నగారి అమ్మాయి లహరి పళ్ళ డాక్టరు కోర్సు పూర్తి చేసి, రెండేళ్ళు విజయవాడలో పనిచేసి, సొంత క్లినిక్ పెట్టుకోవడానికి ఊరొచ్చింది.

"షమీమ్ గారూ, ఓపెనింగు పై వారం. క్లినిక్ ముందు ఫ్లెక్సీ కడుతున్నాం. మా అమ్మాయి మనిషంత ఎత్తున కనపడాలి. మీదే భారం" అన్నారు.

అలాగేనండీ అని నా పాఠం చెప్పాను. ఆయన "ఆఁ, ఆఁ" అంటూనే ఉన్నారు. ఆ "ఆఁ"లు ఎవరి చెవికీ చేరలేదని తర్వాత తెలిసింది.

చెప్పిన రోజు పొద్దున్నే లహరి, వాళ్ళ నానమ్మ సుబ్బరత్నమ్మ గారు వచ్చారు. ఆ అమ్మాయిని చిన్నప్పటి నుంచి ఎరుగుదును. కళగల ముఖం. ఎడమ కంటి కింద, రెప్పకు దాదాపు ఆనుకుని, పెసరగింజంత పుట్టుమచ్చ. నవ్వితే ఆ మచ్చ కంటిలోకి జరిగినట్టు ఉండేది. బళ్ళో గ్రూప్ ఫొటోల్లో కూడా ఆ మచ్చను బట్టే ఈ పిల్లను గుర్తుపట్టేదాన్ని.

అద్దం ముందు కూర్చోబెట్టి ముఖం పైకెత్తి చూశాను. మచ్చ ఉండాల్సిన చోట మందంగా మేకప్ పూసి ఉంది. తడి దూదితో తుడిచేసరికి నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. తోలు కాలి, చుట్టూ ఎర్రగా ఉబ్బి, మధ్యలో నల్లటి చెక్కు.

"ఏంటమ్మా ఇది?"

"మచ్చ తీసేస్తున్నానక్కా. సున్నం, చాకలిసోడా. ఇంకొంచెమే ఉంది. రాలిపోతుంది."

 సున్నమూ సోడా కలిపి, పుల్లతో పులిపిర్ల మీద పెట్టడం మా వైపు కొత్తేం కాదు. చాలా ఇళ్ళలో చూశాను. మెడ మీదో ముంజేతి మీదో పెడతారు. కంటి కింద పెట్టుకోవడం, అందులోనూ డాక్టరు చదివిన పిల్ల!

"నేను చెప్పలా, అది తడిసి జారుద్ది జాగ్రత్త అని" అన్నారు సుబ్బరత్నమ్మ గారు వెనక కుర్చీలోంచి. "మా ఇంట్లో అందరికీ ఇట్టాగే తీశాం షమీమూ. దీని మేనత్తకి గడ్డం మీద ఉండేది. మూడోసారికి రాలిపోయింది."

"మామ్మగారూ, గడ్డం వేరు, కన్ను వేరు కదండీ."

లహరికి నా గొంతులో కోపం తెలిసింది. "ఏం చెయ్యనక్కా? భోజనాల దగ్గర బాబాయి అన్నాడు, ఫ్లెక్సీ మీద ఆ మచ్చ అరిసెంత కనపడుద్దని. అప్పట్నుంచి ఇంట్లో అదే మాట."

"రీటచ్‌లో తీసేసేదాన్ని కదమ్మా." రీటచ్ అంటే కంప్యూటర్లో ఫొటోను దిద్దడం. మొటిమలు, మచ్చలు చెరిపేయడం నాకు రోజూ ఉండే పనే.

"అదీ చెప్పాను. ఫొటోలో ఒకలా, ఎదురుగా ఇంకోలా ఉంటే పేషెంట్లు నమ్మరన్నాడు."

ఆ తర్కానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫొటో నిజం చెప్పడం కోసం ముఖాన్ని కాల్చుకోవడం అంతకుముందు నేనెక్కడా వినలేదు. ఇవాళ ఫొటో లేదు, ముందు చర్మం డాక్టరుకు చూపించుకో అన్నాను. ఆ అమ్మాయి తల ఊపింది. ఆ సంగతి శేషగిరి గారికి నేనే చెబుదామని ఫోన్ తీసుకుని బయటి గదిలోకి వచ్చాను. సుబ్బరత్నమ్మ గారు కూడా నా వెనకే వచ్చి కూర్చున్నారు. అవతల ఆయన ఫోన్ ఎత్తి హలో అనే లోపే మేకప్ రూములోంచి కేక వినిపించింది.

ఆ కేక ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. పురిటి నొప్పులప్పుడు కూడా అలాంటి కేక నేను వినలేదు.

పరుగెత్తాను. అద్దం ముందు చిన్న తాంబూలం సున్నం డబ్బా మూత తీసి ఉంది. పక్కన చీపురుపుల్ల. నేను వద్దన్నా, మిగిలిన కాస్తా ఈ పూటే పోతే రేపైనా ఫొటో తీయించుకోవచ్చని, హ్యాండ్‌బ్యాగులో తెచ్చుకున్న సున్నం మళ్ళీ పెట్టుకుంది. మే నెల. అద్దం చుట్టూ బల్బులు. చెమటతో కలిసి సున్నం రెప్ప దాటి లోపలికి పోయింది. రెండు చేతులతో కన్ను నొక్కుకుని నేల మీద ముడుచుకుపోయి ఉంది.

 వాటర్ క్యాను మీదికి చెయ్యి పోయింది గానీ సుబ్బరత్నమ్మ గారు అడ్డం వచ్చారు. "నీళ్ళు పొయ్యబాకమ్మాయ్! సున్నం ఉడుకుద్ది! ఆముదం తే, ఆముదం!" ఆవిడ మాటలో తప్పేముంది? సున్నపురాయి మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడకడం నేనూ చూసిందే. వెల్లవేసే రోజుల్లో పిల్లల్ని ఆ తొట్టి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. డబ్బాలోది ఎప్పుడో ఉడికి చల్లారిన సున్నమని తట్టక, ఒక్క క్షణం నేనూ ఆగిపోయాను. 

"నీళ్ళే... నీళ్ళే పొయ్యక్కా... ఆపొద్దు" అని కిందనుంచి లహరే అరిచింది.

క్యాను వంచాను. వేళ్ళతో రెప్పలు బలవంతంగా విడదీసి పట్టుకుని పోస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి తల ఇటూ అటూ కొట్టుకుంటోంది. రెప్ప లోపల తెల్లగా ముద్ద కనిపిస్తే తడిగుడ్డ కొసతో తీశాను. కింద షాపు అతను నీళ్ళ సీసాలు పట్టుకొచ్చాడు. గదంతా చెరువైపోయింది. సుబ్బరత్నమ్మ గారు గోడకు ఆనుకుని నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని చూస్తున్నారు.

అప్పుడు ఆ అమ్మాయి ఒక మాట అంది. నీళ్ళు ముక్కులోకి పోతున్నా, నా మణికట్టు పట్టుకుని అంది.

"అక్కా, కుడిపక్క నుంచి ఒక్కటి తీసెయ్. రేపు ప్రింటుకివ్వాలి."

నేను తప్పు విన్నాననుకున్నాను. మళ్ళీ అదే అంది. యా అల్లా, ఈ పిల్లకు కన్ను పోతోంది, ఇదేమో ఫ్లెక్సీ గురించి ఆలోచిస్తోంది. ఎంత భయం ఉండాలి, ఇంట్లోవాళ్ళను నిరాశపెడతానని! పక్కన పడి ఉన్న నా ఫోనులోంచి శేషగిరి గారి గొంతు ఇంకా వస్తూనే ఉంది. "హలో, ఏమైందండీ? ఫొటో అయిందా?"

కారులో విజయవాడ కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా సీసాలతో నీళ్ళు పోస్తూనే ఉన్నాను. అక్కడి డాక్టరు గంటసేపు శుభ్రం చేసి బయటికొచ్చి, నల్లగుడ్డు మీది పొర కాలిందని చెప్పాడు. నీళ్ళు వెంటనే పోశారు కాబట్టి కన్ను దక్కిందనీ, చూపు ఎంత వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేననీ అన్నాడు. పేషెంటు పళ్ళ డాక్టరని తెలిశాక ఆయన ముఖం మారిపోయింది.

ఎందుకో లహరే చెప్పింది, కట్టు కట్టిన కన్నుతో పడుకుని. "పంటి లోపల లోతు తెలియాలంటే రెండు కళ్ళూ కలిసి చూడాలక్కా. ఒక కన్నుతో డ్రిల్ పట్టుకుంటే ఎక్కడ ఆగాలో తెలియదు. అన్నేళ్ళ చదువు..." అని ఆగిపోయింది.  చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. లేదు. ఓపెనింగ్ అనుకున్న రోజు పొద్దున స్టూడియో తెరవడానికి వస్తూ మెయిన్ రోడ్డు మీద తలెత్తి చూసి, బండి దిగి నిలబడిపోయాను. లహరి. మనిషంత ఎత్తున నవ్వుతోంది. కళ్ళు రెండూ బాగున్నాయి. కంటి కింద మచ్చ లేదు, నున్నగా ఉంది. కాలేజీ ఐడీ కార్డు ఫొటో తీసుకెళ్ళి ఫ్లెక్సీ షాపులో ఇస్తే వాళ్ళు మచ్చ చెరిపేసి కొట్టిచ్చారు. ముహూర్తం తప్పకూడదని రిబ్బన్ కూడా కత్తిరించారు. డాక్టరేమో విజయవాడలో కంటికి కట్టుతో పడుకుని ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొట్టుకెళ్ళి శేషగిరి గారిని నలుగురి ముందే అడిగాను, "మచ్చ చెరిపితే పేషెంట్లు నమ్మరని మీరే అన్నారటగా?" అని. ఆయన తలదించుకుని పప్పు బస్తాల మధ్య నిలబడ్డారు. చెడ్డవాడేం కాదు. అన్న పోయాక ఆ పిల్లను చదివించింది ఆయనే. రెండు రోజుల తర్వాత ఫ్లెక్సీ కనిపించలేదు. సుబ్బరత్నమ్మ గారు దగ్గర నిలబడి దింపించారని షాపులవాళ్ళు చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఆవిడ తాంబూలం కూడా మానేశారట.

లహరి కన్ను నెమ్మదిగా తేరుకుంది. వానలు పడే నాటికి కట్టు తీసేశారు. చలికాలం నాటికి, పెద్దది చేసి చూపించే అద్దాలు పెట్టుకుని పని చేయొచ్చని డాక్టరు అనుమతించాడు. మొదటి రోజుల్లోనే నా దవడ పన్ను చూపించుకుంటానని వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, కుర్చీలో వెనక్కి వాలాక భయం వేసింది. ఆ కన్ను నా నోటికి జానెడు దూరంలో ఉంది.

"బాగా కనపడుతోందా తల్లీ?" అన్నాను.

"కుడికన్ను మూస్తే కాస్త మసక. రెండూ తెరిస్తే నువ్వు రాత్రి తిన్న గోంగూర కూడా కనపడుతోంది. నోరు తెరువక్కా" అంది.

పన్ను పని అయ్యాక కెమెరా తీశాను. ఫ్లెక్సీకి కాదు, లోపల గోడకు పెట్టుకోవడానికి ఒకటి తీయమని తనే అడిగింది. మేకప్ లేదు. తెల్లకోటు వేసుకుని, పేషెంట్ల కుర్చీ పక్కన తన స్టూలు మీదే కూర్చుంది. కిటికీ వెలుతురు చాలింది. కంటి కింద బొట్టుబిళ్ళంత తెల్లటి మచ్చ ఉంది. దాని అంచున, రాలిపోయిందనుకున్న నలుపు సన్నగా మళ్ళీ మొలుస్తోంది.

అప్పుడే క్యారేజీతో సుబ్బరత్నమ్మ గారు వచ్చారు. మనవరాలి నుదుటి మీద చెమట చూసి అలవాటుగా కొంగు అందుకుని ముందుకు వచ్చారు. ఆ ముఖానికి నలుగు పెట్టింది, నూనె రాసింది, బొట్టు దిద్దింది అన్నీ ఆ చేతులే. ముఖం దాకా వెళ్ళిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ముట్టుకోనా?" అని అడిగారు.

డెబ్భై దాటిన మనిషి, తాను పెంచిన పిల్లను.  లహరి ముఖం ముందుకు చాపి కళ్ళు మూసుకుంది.

ఫొటోకు మనిషిని తయారుచేయడమంటే లైట్లు, బట్టలు, నిద్ర అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా నా పాఠానికి ముందు ఒక ప్రశ్న వేస్తాను. "మీ ముఖానికి ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరెవరు చెబుతున్నారండీ?" అని. చాలామంది నవ్వుతారు. నవ్వకుండా కాసేపు ఆగిపోయినవాళ్ళను మాత్రం, ఫొటో సంగతి తర్వాత, ముందు ఒక్కసారి ఒంటరిగా వచ్చి కనపడమంటాను.