ప్యానెల్ మీద మెతుకులు

మా మేడ మీది సోలార్ ప్యానెళ్లు ఎండ బాగా కాసిన రోజు పన్నెండు యూనిట్ల దాకా ఇచ్చేవి. మూడు నెలలుగా ఏడు దాటడం లేదు. ఫోన్‌లో ఆ అంకె చూసి, ఫోన్ జేబులో వేసుకుని, మరిపెడ బస్సెక్కేవాణ్ణి. అక్కడి బడిలో పాఠాలు చెబుతాను. అన్ని రోజులూ నాకు కోపం కూడా రాలేదంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

తమ్ముడు పోయింది అప్పుడే. ఓ పెళ్లిలో మాటామాటా పెరిగి నాలుగేళ్లు మేం మాట్లాడుకోలేదు. వాడు పోయిన మూడోరోజు పిట్టకు అన్నం పెట్టాం. పిట్ట ముట్టకపోతే పోయినవాడికి తృప్తి లేనట్టే. వాడికిష్టమైన మటన్ ముక్కలున్నా ఒక్క కాకి వాలలేదు. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాం.

"ఎవరి మీదనో మనసుల వెట్టుకొని పోయిండు" అంది మేనత్త.

అందరూ నా వైపు చూశారు. చూడక ఏం చేస్తారు, వాడు అలిగింది నా ఒక్కడి మీదే.

మర్నాటి నుంచి రోజూ బస్సుకు ముందు మేడ మీద పళ్లెంలో అన్నం, ఉంటే ఓ కూర ముక్క పెట్టాను. సాయంత్రానికి ఖాళీ అయ్యేది. కోతులూ పిల్లులూ తిరిగే వాడలో ఖాళీ పళ్లెం చూసి ఏం తెలుస్తుంది? ఆదివారాలు ఇంట్లోనే ఉన్నా పైకెళ్లి చూడలేదు. తినేది కాకి కాదేమోనని భయం వేసింది.

చివరికి నా భార్య పోరు పడలేక మట్టెవాడ నుంచి మెకానిక్‌ను పిలిచాను. నాకంటే పెద్దవాడు. ఇన్వర్టర్ చూశాడు, వైర్లకు మీటర్ పెట్టాడు, అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. మా ప్యానెళ్లు మనిషెత్తు స్టాండు మీద ఉంటాయి, కింద నిలబడితే పైన ఏముందో కనబడదు. నిచ్చెన వేసుకుని ఎక్కాడు.

"గిదేంది సార్, మొత్తం రెట్టలే. ఒక్కదాని మీద పడ్డా లైనంతా కరెంటు తగ్గుతది. మెతుకులున్నయ్, కూర ముక్కల బొక్కలు గూడ ఉన్నయ్."

"పావురాలా అన్నా?"

"పావురాలు బొక్కలు తింటయా? కాకులు. నేనెక్కంగనే రెండు లేసిపోయినయ్. మీరు ఈడ అన్నం పెట్టుడు బంద్ జెయ్యుండ్రి."

సరేనన్నాను. ఈ కబురు వింటే ఏడుస్తానని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఏమీ రాలేదు. పైపు అందుకుని ప్యానెళ్ల మీద నీళ్లు కొట్టాను. మెట్ల దగ్గర నిలబడ్డ నా భార్యకే ఏడుపొచ్చింది.

"ముట్టిండు గదా! ఇగ సాలు, ఫికర్ జెయ్యకుండ్రి" అంది.

ఆ మధ్యాహ్నమే ఫోన్‌లో అంకె పెరిగింది. మర్నాడు పొద్దున నేను మళ్లీ పళ్లెం తీస్తే ఆమె చెయ్యి పట్టుకుంది.

"మల్ల ఎందుకు?"

"నాలుగేండ్లు మనింట్ల ఒక్క పూట తిన్లేదు వాడు" అన్నాను. "మూడు నెలల సంది రోజు తింటాండు. తిననీ."